గాలిని కొలిచేది ఎవరు? - బకెట్ నుంచి బాల్కనీ సెన్సర్ దాకా

"మా అమ్మానాన్నలు హైదరాబాదులో ఉంటారు. గాలిలో కాలుష్యం కొలిచే సెన్సర్ ఒకటి కొని పంపిద్దామనుకుంటున్నాం. ఏ కంపెనీది మంచిది?"

దోహాలో మన తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట, అది ఉగాది అయినా బతుకమ్మ అయినా, ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. నేను కాలుష్య శాస్త్రవేత్తను కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. కాకపోతే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో ఈ సెన్సర్ల పిచ్చి పట్టుకుంది, ఇంకా వదల్లేదు. అడిగిన వాళ్ళందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒక్కచోట రాసి పెడితే నలుగురికీ పనికొస్తుందని ఈ వ్యాసం.

ముందే చెప్పేస్తాను. ఏ సెన్సర్ కొనాలన్నది రెండో ప్రశ్న. మీకు ఏం తెలియాలి, తెలిసిన దాన్ని ఎవరి ముందు పెట్టాలి అన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు లేకుండా కొన్న సెన్సర్ గోడ గడియారంలా ఓ మూల వేలాడుతూ ఉంటుంది. అంతే!

పైపు ముక్కలతో మొదలైన కథ

స్టుట్‌గార్ట్ చుట్టూ కొండలుండి, మధ్యలో గిన్నెలాగా ఉండే ఊరు. గాలి కదలదు. అక్కడ నెకార్‌టోర్ అనే చోట ఉన్న ప్రభుత్వ కేంద్రం అంకెలు జర్మనీ మొత్తానికీ పరిచయమే, అంత కాలుష్యం. 2016 జనవరి నుంచి 2020 దాకా గాలి కదలని రోజుల్లో "సన్నధూళి హెచ్చరిక" ప్రకటించి, కార్లు ఇంట్లో పెట్టండి బాబూ అని నగరపాలక సంస్థ బతిమాలేది. అయితే ఊళ్ళో జనం అడిగిన ప్రశ్న వేరు: "ఆ కూడలి సంగతి సరే, మా వీధి సంగతేమిటి?"

2015లో అక్కడి ఓకే ల్యాబ్ అనే స్వచ్ఛంద ప్రోగ్రామర్ల బృందం దీనికి ఒక దారి చూపించింది. ఎస్.డి.ఎస్. 011 అనే చవక ధూళి సెన్సర్, ఒక చిన్న వైఫై బోర్డు, మురుగునీటి గొట్టాలకు వాడే ప్లాస్టిక్ మోచేతి ముక్కలు రెండు. వాన పడకుండా ఆ రెండు ముక్కలే గొడుగు. ఖర్చు సుమారు 30 యూరోలు. సోల్డరింగ్ కూడా అక్కర్లేదు. లుఫ్ట్‌డాటెన్, అంటే "గాలి సమాచారం" అనే పేరుతో మొదలైన ఈ పని తర్వాత సెన్సర్ కమ్యూనిటీ అనే పేరుతో ప్రపంచమంతా పాకింది. నన్ను ఆకట్టుకున్నది ఆ పెట్టె కాదు. దాన్ని బిగించుకోవడానికి వచ్చే మనుషులు. రిటైరైన వాళ్ళు, బడిపిల్లలు, వైరు పట్టుకోవడం తెలియని వాళ్ళు కూడా. ఒకసారి తన చేత్తో బిగించుకున్నాక ఆ మనిషి మళ్ళీ "గాలి నాకు సంబంధించిన విషయం కాదు" అనడు.

బెల్జియం వాళ్ళు ఇంకో మార్గం తొక్కారు. ఫ్లాండర్స్ ప్రాంతంలో 2018 మే నెలలో 20,000 ఇళ్ళ కిటికీలకు చిన్న గొట్టాలు కట్టి, వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్‌ను కొలిచారు. ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయం, ఒక దినపత్రిక, ప్రభుత్వ పర్యావరణ సంస్థ - ముగ్గురూ కలిసి చేసిన పని అది. ఆ గొట్టంలో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. ప్రభుత్వ సంస్థ మొదటి నుంచీ లోపలే ఉండటం వల్ల చివర్లో "మీ లెక్కలు మేం నమ్మం" అనే పేచీ రాలేదు. నా దృష్టిలో అసలు తెలివి అక్కడే ఉంది.

పెట్టెలోపల ఏముంది?

ఇప్పుడు మార్కెట్లో దొరికే ఇంటి సెన్సర్లలో ఎక్కువ భాగం ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది, లేజర్ కిరణం దాని మీద పడుతుంది, ధూళి కణాలు ఆ వెలుగును చెదరగొడతాయి, ఆ చెదిరిన వెలుగును బట్టి లెక్క కట్టి "పి.ఎం. 2.5 ఇంత" అని చెబుతుంది. అంటే అది ధూళిని తూచడం లేదు, ఊహిస్తోంది. 2.5 మైక్రాన్ల కంటే సన్నటి కణాలకు ఈ ఊహ ఫరవాలేదు. రెండు సందర్భాల్లో మాత్రం బాగా తప్పుతుంది. ఆ రెండూ మనవే.

ఒకటి, తేమ. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, సెన్సర్ ఎక్కువ చూపిస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. అమెరికా పర్యావరణ సంస్థ అక్కడ విరివిగా వాడే పర్పుల్ ఎయిర్ సెన్సర్ల కోసం ఒక సవరణ సూత్రం తయారుచేసింది: సెన్సర్ అంకెను 0.524తో గుణించి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి తీసేసి, 5.75 కలపాలి. సెన్సర్ 100 చూపిస్తూ తేమ 70 శాతం ఉంటే అసలు విలువ సుమారు 52 అన్నమాట. సగం! అయితే ఈ సూత్రం అమెరికా గాలి మీద కట్టింది, దాన్ని విజయవాడకు యథాతథంగా అంటించకూడదు. దారి ఏమిటంటే, సెన్సర్‌ను రెండు మూడు వారాలు ప్రభుత్వ కేంద్రం పక్కనే పెట్టి, రెండు అంకెలనూ పోల్చి, మన ఊరికి మన సవరణ కట్టుకోవడం. హైదరాబాదులో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పటాన్‌చెరు ఇక్రిశాట్, పాశమైలారం, సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల నిరంతర కేంద్రాలున్నాయి.

రెండోది, ఇసుక. నేనుండేది అల్ అజీజియాలో. దోహా మెట్రో బంగారు లైనుకు పడమటి చివరి స్టేషన్ ఇది, 2019 నవంబరులో తెరిచారు. ఒక పక్క ఆస్పైర్ పార్కు పచ్చదనం, ఇంకో పక్క సల్వా రోడ్డు వాహనాలు. వాయవ్యం నుంచి షమాల్ గాలి మొదలైతే ఎదుటి భవనం కనబడదు, కార్ల మీద వేలితో పేరు రాయొచ్చు. అలాంటి రోజున నా బాల్కనీ సెన్సర్ "ఓ మోస్తరు" అని చూపిస్తుంది! అది పాడైపోలేదు. ఎడారి ధూళి ముతక కణం, ఈ చిన్న లేజర్ సెన్సర్లకు ముతక కణం సరిగా ఆనదు. అసలు ఉన్నదానికి ఎన్నో రెట్లు తక్కువ చూపిస్తాయి. పి.ఎం. 10 అని ఇంకో అంకె కూడా ఇస్తాయి గానీ, చాలా సెన్సర్లలో అది సన్నకణాల నుంచి లాగిన అంచనా మాత్రమే. కాబట్టి గల్ఫ్‌లో ఉండే మిత్రులారా, దుమ్ము లేచిన రోజున మీ సెన్సర్ పచ్చగా ఉందని పిల్లల్ని బయటికి పంపకండి. ఇక్కడ ఖతార్ పర్యావరణ మంత్రిత్వ శాఖ, ఎడ్యుకేషన్ సిటీలోని పరిశోధన సంస్థ క్వీరీ నడిపే కేంద్రాల అంకెలే ఆధారం.

అన్నట్టు, అంకె వెనక ఆజ్ఞ ఉంటే ఎలా ఉంటుందో ఈ దేశంలోనే చూడొచ్చు. 2021 నుంచి ఇక్కడ జూన్ 1 - సెప్టెంబర్ 15 మధ్య ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని నిషేధం. అదొక్కటే కాదు, ఎండ, తేమ, గాలి కలిపి లెక్కించే ఉష్ణ సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళయినా పని ఆపాలి. కొలత, గీత, గీత దాటితే ఎవరు ఏం చెయ్యాలి - మూడూ ఒకే కాగితం మీద ఉన్నాయి. మనవాళ్ళు లక్షల్లో పనిచేసే చోట ఇది చిన్న విషయం కాదు. గాలి విషయంలో మనం అడగాల్సింది కూడా ఇలాంటి కాగితమే.

బకెట్ దళం

ఇప్పుడు అసలు కథ. సెన్సర్లు ఇంకా రాని రోజుల్లో, 1994లో కాలిఫోర్నియాలోని రోడియో అనే ఊళ్ళో ఒక చమురు శుద్ధి కర్మాగారం నుంచి 16 రోజుల పాటు రసాయనం లీకైంది. జనం జబ్బు పడ్డారు, అధికారులు మాత్రం ప్రమాదం లేదన్నారు. అక్కడివాళ్ళ తరఫు న్యాయవాది ఎడ్ మాస్రీ (ఎరిన్ బ్రాకోవిచ్ సినిమా చూసినవాళ్ళకు ఈయన తెలుసు) చవకగా గాలిని పట్టే సాధనం ఒకటి చేయించాడు. అదే బకెట్.

పేరుకు తగ్గట్టు మామూలు ప్లాస్టిక్ బకెట్టే. లోపల రసాయనాలతో కలవని ప్రత్యేకమైన సంచి. మూత బిగించి, బకెట్‌లోని గాలిని చిన్న పంపుతో బయటికి లాగితే, లోపలి సంచి బయటి గాలిని పీల్చుకుని ఉబ్బుతుంది. ఆ సంచిని ల్యాబుకు పంపిస్తే ఏ రసాయనం ఎంత ఉందో తెలుస్తుంది. లూసియానాలోని నార్కో దగ్గర డైమండ్ అనే నల్లజాతి వాడ వాళ్ళు ఈ బకెట్లతోనే పోరాడి, 2002లో షెల్ కంపెనీ చేత తమ ఇళ్ళు కొనిపించుకుని వేరే చోటికి తరలివెళ్ళగలిగారు. ఆ పోరాటం నడిపిన మార్గీ రిచర్డ్ అనే ఉపాధ్యాయినికి 2004లో గోల్డ్‌మన్ బహుమతి వచ్చింది.

అదే 2004లో బకెట్ మన పొరుగునే దిగింది. తమిళనాడులోని కడలూరు సిప్కాట్ పారిశ్రామికవాడ పక్క పల్లెల వాళ్ళు, ఎక్కువగా జాలర్లు, రైతులు, శిక్షణ పొంది ఒక పర్యవేక్షక బృందంగా ఏర్పడ్డారు. వాళ్ళు చేసిన పనిలో బకెట్ సగమే. మిగతా సగం ముక్కు, నోటుపుస్తకం. ఏ వేళ, ఏ చోట, గాలి ఎటు నుంచి, ఏ వాసన - రోజూ రాశారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ కావచ్చు, కుళ్ళిన క్యాబేజీ అంటే మెర్కాప్టాన్లు, గోళ్ళరంగు వాసన అంటే ఎసిటోన్ లాంటి ద్రావకాలు. వాసన బలంగా ఉన్నప్పుడే బకెట్ తీశారు. అలా పట్టిన గాలిలో 22 విష రసాయనాలు బయటపడ్డాయి, వాటిలో కొన్ని కేన్సర్ కలిగించేవి. అప్పటికి మన దేశంలో ఊరి గాలిలో బెంజీన్ ఎంత ఉండొచ్చో జాతీయ ప్రమాణమే లేదు. అది 2009లో వచ్చిన ప్రమాణాల్లో చేరింది.

చదువుకున్న మనం సెన్సర్ కొనాలా అని ఆలోచిస్తుంటే, పడవలు నడిపేవాళ్ళు ప్రశ్నకు తగిన పనిముట్టును ఎంచుకున్నారు. అక్కడ ప్రశ్న "ధూళి ఎంత?" కాదు, "ఈ కంపు ఏమిటి, ఎవరిది?"

మన ఊళ్ళ సంగతి

ఇది నాకు పుస్తకాల్లో విషయం కాదు. మా అమ్మానాన్నలు ఉండేది హైదరాబాదు వాయవ్యాన, బాచుపల్లి వైపు. బొల్లారం, జీడిమెట్ల, పటాన్‌చెరు పరిశ్రమల చుట్టూ ఇప్పుడు కొత్త అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి. వాటిలో మన ప్రవాసులు కొన్నవి చాలా ఉన్నాయి. బాచుపల్లి, ప్రగతినగర్, నిజాంపేట కాలనీల వాళ్ళు రాత్రిపూట రసాయనాల వాసన గురించి ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. నేను ముచ్చటపడి పంపిన సెన్సర్ అక్కడ బాల్కనీలో ఉంది. ఒక రాత్రి మా అమ్మ ఫోను చేసి, "ఏరా నాన్నా, నీ మిషను పచ్చగానే ఉందిరా, మేమేమో కిటికీ తియ్యలేక చస్తున్నాం" అంది. నిజమే మరి. ఆవిరి రూపంలో వచ్చే ద్రావకాలు ధూళి సెన్సర్ కంటికి కనబడవు. ఆ పచ్చరంగును ఎవరైనా చూపించి "అంతా బాగానే ఉంది కదా" అంటే మన పెట్టె మనకే ఎదురు సాక్ష్యం చెబుతుంది!

రాత్రిపూటే ఎందుకంటారా? చలికాలం రాత్రుళ్ళు నేల తొందరగా చల్లబడుతుంది, పైన వెచ్చటి గాలి పొర మూతలా నిలుస్తుంది. వదిలింది ఏదైనా ఆ మూత కిందే ఉండిపోతుంది. తనిఖీలు పగటిపూట జరిగితే ఏం దొరుకుతుంది?

ఇది కొత్త పోరాటం కూడా కాదు. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్‌రావు గారు 1980ల నుంచే తన దగ్గరికి వచ్చే రోగుల్ని చూసి ఈ విషయం లేవనెత్తారు. అక్కడి కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది, 2001లో హైకోర్టుకు బదిలీ అయింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక వాడలకు మార్కులు వేసింది. 70 దాటితే "అతి తీవ్రం". పటాన్‌చెరు-బొల్లారంకు 70.07, విశాఖపట్నానికి 70.82. ఈ పరీక్షలో పాసవడం అంటే ఫెయిలవడమే. 2010 జనవరిలో ఇలాంటి 43 చోట్ల కొత్త పరిశ్రమల విస్తరణ ఆపేశారు.

విశాఖలో పాతనగరం, జ్ఞానాపురం వాళ్ళు ఇంట్లో నేల తుడిస్తే గుడ్డకు నల్లగా అంటే బొగ్గుపొడి గురించి ఎన్నాళ్ళుగానో చెబుతూనే ఉన్నారు. ఇక 2020 మే 7 తెల్లవారుజాము మనం మరిచిపోలేం. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. నిద్రలో ఉన్న ఊరికి మొదటి హెచ్చరిక ముక్కే అయింది. ఊరివాళ్ళ దగ్గర ముందునుంచీ వాసనల పుస్తకం, ఎవరికి ఫోను చెయ్యాలో రాసుకున్న కాగితం, ఫ్యాక్టరీలో ఏ రసాయనం నిల్వ ఉందో చెప్పే జాబితా ఉండి ఉంటే ఎంత మేలయ్యేదో నేను లెక్క కట్టలేను. ఇవి మాత్రం ఖరీదైన వస్తువులు కావు.

ధూళికి సెన్సర్లు పనికిరావని కాదు నా ఉద్దేశం. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు గచ్చిబౌలి ప్రాంతంలో సుమారు నాలుగు చదరపు కిలోమీటర్లలో 49 సెన్సర్లు పెట్టి చూశారు. పక్కపక్క వీధుల మధ్యే తేడా కనిపించింది. ఒక్క కేంద్రంతో నగరం గాలి చెప్పడం కుదరదని దీంతో తెలుస్తుంది. హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్ అంకెల మీద ఆధారపడ్డవాళ్ళకు 2025 మార్చిలో అవి ఆగిపోయినప్పుడు ఇంకో సంగతి కూడా తెలిసొచ్చింది: ఎవరో పెట్టిన సెన్సర్‌ను ఎవరో తీసేయగలరు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖ, విజయవాడ, గుంటూరు సహా 13, తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి. రోడ్డు దుమ్ము, చెత్త కాల్చడం లాంటి వాటికి వీధి సెన్సర్లు మంచి ఆధారమే.

చట్టం ఏం ఒప్పుకుంటుంది?

ఇక్కడ చాలామంది నిరుత్సాహపడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1981 వాయు కాలుష్య చట్టంలో 26వ సెక్షన్ ప్రకారం నమూనాను మండలి అధికారి, ఫ్యాక్టరీ వాళ్ళకు నోటీసు ఇచ్చి, సీలు వేసి, నిర్ణీత ల్యాబుకు పంపితేనే కోర్టులో సాక్ష్యం. మన బకెట్, మన సెన్సర్ ఆ గీతకు ఇవతలే ఉంటాయి. మరి ఎందుకు ఇదంతా? అధికారి ఎప్పుడు, ఎక్కడ నమూనా తియ్యాలో చెప్పడానికి! "మా కాలనీలో వాసన వస్తోంది" అన్న ఫిర్యాదుకు ఒక మధ్యాహ్నం వచ్చి చూసి పోతారు. "గత రెండు నెలల్లో వాసన వచ్చిన రాత్రులు ఇవీ, ఎక్కువసార్లు ఒంటిగంట నుంచి మూడు మధ్య, గాలి అప్పుడు ఫలానా దిక్కు నుంచి, 12 ఇళ్ళ వాళ్ళు వేర్వేరుగా రాశారు" అన్న ఫిర్యాదుకు అలా చేస్తే తర్వాత జవాబు చెప్పుకోవాలి.

అదే చట్టం 43వ సెక్షన్ కింద 60 రోజుల ముందస్తు నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కూడా కోర్టుకు వెళ్ళొచ్చు. అలా ఫిర్యాదు చేసినవాళ్ళు అడిగితే మండలి తన దగ్గరున్న నివేదికలు ఇవ్వాలి. ప్రజాప్రయోజనానికి భంగం అనుకుంటే నిరాకరించవచ్చన్న మెలిక ఒకటుంది. చెన్నైలో గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఈ చట్టం కింద చాలా ఉల్లంఘనలకు జైలు బదులు జరిమానాలు వచ్చాయి, కాబట్టి పాత సలహాలు నమ్ముకోకుండా న్యాయవాదిని అడగండి.

దూరం నుంచి మనం చేయగలిగింది

మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఇప్పుడు ఒక పుస్తకం నడుపుతున్నారు. నేను చేసిందల్లా ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేసి, వాళ్ళు ఫోనులో పంపినవి అందులో చేర్చడం. ఇక్కడ రాత్రి పదకొండైతే అక్కడ ఒంటిగంటన్నర, కాబట్టి నేను మెలకువగానే ఉంటాను. రాయాల్సినవి ఇంతే: తేదీ, మొదలైన వేళ, ఎంతసేపు, దేని వాసనలా ఉంది, ఘాటు ఒకటి నుంచి ఐదులో ఎంత, గాలి ఎటు నుంచి (అగరుబత్తి పొగ చూస్తే చాలు), కళ్ళు మండటం, దగ్గు లాంటివి ఏమైనా ఉన్నాయా. వాసన రాని రాత్రి "రాలేదు" అని కూడా రాయాలి. ఇది చాలామంది వదిలేస్తారు, అది లేకపోతే మిగతాదానికి విలువ తగ్గిపోతుంది. రాసినవాళ్ళ పేర్లు బయట పెట్టకూడదు, ఎందుకంటే ఆ కాలనీలోనే ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళూ ఉంటారు. ఒక జాగ్రత్త: హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ముక్కు మొద్దుబారుతుంది. ఘాటైన వాసన ఉన్నట్టుండి మాయమైతే తగ్గిపోయిందని అనుకోకండి, అక్కడి నుంచి కదలండి.

సంఘాలుగా మనం డబ్బు పెట్టదలిస్తే నా సలహా, ఇంటికో సెన్సర్ కాదు. ఒక కాలనీకి నాలుగైదు ధూళి సెన్సర్లు, వాటిని ప్రభుత్వ కేంద్రం పక్కన పెట్టి సరిచూసే ఏర్పాటు, ఏడాదికి కొన్ని ల్యాబు పరీక్షల ఖర్చు, ఆ అంకెలు చదవగలిగిన ఒక స్థానిక కళాశాల. ఎస్.డి.ఎస్. 011 లేజర్ ఆయువు 8,000 గంటలే, అంటే ఆపకుండా నడిపితే ఏడాది కూడా కాదు. మార్చే ఖర్చు మొదటి రోజే పక్కన పెట్టండి. ఇక ఖతార్‌లో ఉండే మిత్రులు బాల్కనీ బయట ఏదైనా బిగించే ముందు ఇంటి యజమానిని, అంకెలు బయట ప్రచురించే ముందు సంబంధిత శాఖను అడగడం మంచిది.

స్ప్రెడ్‌షీట్ నమూనా, నోటీసు ఎలా రాయాలో ఒక చిత్తుప్రతి నా దగ్గర ఉన్నాయి. కావలసినవాళ్ళు సంపాదకులకు రాస్తే పంపిస్తాను. చలికాలం మూత పడేలోపు, అంటే దీపావళికి ముందే, పుస్తకం మొదలుపెట్టగలిగితే ఆ సీజను మొత్తం చేతికొస్తుంది.